కల్పిత భాషకు ధ్వనులు, మాండలికాలు కట్టుకోవడం ఎలా? మొదటి శబ్దం నుంచి మూడో యాస దాకా

కథ కోసమో, ఆట కోసమో, ఊరికే సరదాకో సొంత భాష మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల ఆగిపోతారు. ఏ ధ్వనులు పెట్టుకోవాలి అన్నది ఒకటి. ఈ భాషకు రెండు మూడు యాసలు కావాలి, ఎలా తేవాలి అన్నది రెండోది.

రెండో ప్రశ్న దగ్గర చాలామంది చేసే పని ఒకటే. తయారైన భాష తీసుకుని అక్కడక్కడా అక్షరాలు మార్చేస్తారు. 'స' ఉన్నచోట 'శ', 'ప' ఉన్నచోట 'ఫ'. చదివేవాళ్లకు అది యాసలా అనిపించదు, అచ్చుతప్పులా కనిపిస్తుంది. యాసలు ఇప్పటి భాషలోంచి పుట్టవు, దానికి ముందున్న పాత రూపంలోంచి పుడతాయి. ముందు ఆ పాత రూపం కట్టి, దాన్ని రెండు మూడు దారుల్లో నడిపిస్తే యాసలు వాటంతటవే వస్తాయి.

ఉదాహరణ కోసం 'కెరున' అనే చిన్న భాషను ఇక్కడే కట్టుకుంటూ పోదాం.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక నోటుబుక్కు, లేదా ఎక్సెల్ లాంటి షీటు. షీటైతే మేలు, ఎందుకో 7వ మెట్టులో తెలుస్తుంది.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- అంతర్జాతీయ ధ్వని లిపి, అంటే ఐపీఏ పట్టిక. మొత్తం నేర్చుకోనక్కర్లేదు, మీరు వాడే ధ్వనుల గుర్తులు తెలిస్తే చాలు.
- మాట్లాడేవాళ్ల గురించి నాలుగు వాక్యాలు: ఎక్కడ ఉంటారు, మధ్యలో కొండో నీళ్లో ఉన్నాయా, ఎవరు ఎవరితో వ్యాపారం చేస్తారు, పెత్తనం ఎవరిది.

ఆఖరిది చాలామంది వదిలేస్తారు. యాసల సరిహద్దులు నిర్ణయించేది అదే కాబట్టి వదలకండి. కెరునకు నేను రాసుకున్నది ఇది: గుట్టల్లో పాత రాజధాని ఉంది, తీరంలో ఓడరేవులున్నాయి, దూరంగా ఒక దీవి ఉంది. తీరానికీ గుట్టలకూ రోజూ రాకపోకలుంటాయి, దీవికి ఏడాదిలో కొన్ని నెలలే పడవలు వెళ్తాయి.

## 2. ధ్వనుల పట్టిక వేయండి

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. నా మొదటి భాషకు నలభై ఆరు ధ్వనులు పెట్టాను. వారం తిరిగేసరికి వాటిని నేనే పలకలేకపోయాను.

ప్రపంచ భాషల్లో హల్లులు సగటున 22 దాకా ఉంటాయి. అచ్చులు ఐదు ఉన్న భాషలే ఎక్కువ. హవాయియన్ భాష ఎనిమిది హల్లులతో నడుస్తుంది. బోగన్‌విల్ దీవిలోని రొటోకాస్ ఆరు హల్లులు, ఐదు అచ్చులతో సరిపెట్టుకుంది. తక్కువ ధ్వనులుంటే భాష పేదదైపోదు, పదాలు కాస్త పొడుగవుతాయంతే. కొత్తవాళ్లు 10 నుంచి 18 హల్లులతో మొదలుపెడితే హాయిగా ఉంటుంది.

పట్టిక వేసే పద్ధతి మనకు బడిలోనే వచ్చు. వర్ణమాల అసలు ధ్వని పట్టికే: కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని వరుసలు, పరుషం, సరళం, అనునాసికం అని నిలువు గళ్లు. ధ్వనుల్ని ఒక్కొక్కటిగా ఏరుకోకండి, గళ్లను ఎంచుకోండి. 'ఈ భాషలో మూర్ధన్యాలు లేవు', 'సరళాలు లేవు' అని గీత గీసినట్టు నిర్ణయించండి.

తర్వాత ఒకటి రెండు గళ్లు ఖాళీగా వదలండి. సహజ భాషల్లో ఖాళీలు ఎక్కడపడితే అక్కడ రావు. అరబిక్‌లో బ ఉంది, ప లేదు. థాయ్‌లో బ, ద లాంటివి ఉన్నాయి, గ లేదు. ఇది నోటి నిర్మాణం వల్ల వచ్చిన సంగతి. గ పలికేటప్పుడు నాలుక వెనక గాలి నిలిచే చోటు చిన్నది, అందువల్ల నాదం ఎక్కువసేపు నిలవదు. ప విడిచినప్పుడు వచ్చే చప్పుడు బలహీనం. పరుషాల్లో ఒకటి తీసేయాలనుకుంటే ప వైపు, సరళాల్లో అయితే గ వైపు చూడండి.

వింతగా వినిపించడమే మీ ఉద్దేశమైతే దీన్ని తిప్పి వాడొచ్చు. స్టార్ ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ కట్టిన క్లింగాన్ భాషలో మూర్ధన్యమైన డ ఉంది, దాని జోడీ ట మాత్రం లేదు. మామూలు క కూడా లేదు. అందులో ఉన్నవన్నీ మనుషులు పలికే ధ్వనులే. వింతదనమంతా ఖాళీల అమరికలో ఉంది.

అచ్చుల్లో సూత్రం ఇంకా తేలిక. నోట్లో ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి. మూడే అచ్చులున్న భాషల్లో అవి సాధారణంగా అ, ఇ, ఉ అయ్యేది అందుకే. ఇ, ఎ పెట్టుకుని ఉ, ఒ రెండూ వదిలేస్తే పట్టిక ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది.

కెరున పాత రూపానికి నేను తీసుకున్నవి ఇవే. హల్లులు: ప, త, క, స, మ, న, ర, ల, వ, య. అచ్చులు: అ, ఇ, ఉ, ఎ, ఒ. సరళాలు లేవు, దీర్ఘాలు లేవు.

చిన్న మాట. విలన్ జాతికి భాష కట్టమంటే మనవాళ్లు ఘ, ఢ, ఖ, ఝ కుమ్మరిస్తారు. గట్టిగా అరిచినట్టుంటుంది తప్ప భాషలా ఉండదు. ఒత్తు అక్షరాలు కావాలంటే ఒక వరుస మొత్తం తీసుకోండి, మూడు పదాలకు ఒకసారి వాడండి.

## 3. ఏ ధ్వని పక్కన ఏది కూర్చుంటుందో రాయండి

భాషకు ముఖం ఇచ్చేది ధ్వనుల జాబితా కన్నా వాటి కూర్పు. ఇంగ్లీషు 'బస్' మన నోట 'బస్సు', 'రోడ్' 'రోడ్డు', 'కార్' 'కారు' అయింది. పదం అచ్చుతో ముగియాలని తెలుగు పట్టుబడుతుంది కాబట్టి అలా మారాయి. జపనీస్ వాళ్ల నోట 'స్ట్రైక్' 'సుతొరైకు' అవుతుంది. వాళ్లకు సంయుక్తాక్షరాలు పడవు.

నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే ఈ మెట్టు అయిపోయినట్టే:

- పదం ఏ ధ్వనులతో మొదలవ్వొచ్చు?
- ఏ ధ్వనులతో ముగియొచ్చు?
- మధ్యలో ఏ జంట హల్లులు కుదురుతాయి?
- రెండు అచ్చులు పక్కపక్కన వస్తే ఏం చేస్తారు? కలుపుతారా, ఒకటి పడిపోతుందా, మధ్యలో య, వ చేరుతుందా?

కెరునలో అక్షరం అంటే ఒక హల్లు, ఒక అచ్చు. పదం మొదట మాత్రం అచ్చు ఒంటరిగా రావొచ్చు. చివర న్, ర్, స్ మాత్రమే నిలవొచ్చు. 'కితన్' కుదురుతుంది, 'కితప్' కుదరదు, 'ప్రక' అసలే కుదరదు.

ఇప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ నియమాలతో ఇరవై పదాలు రాసి, వాటిలో వేరే భాష పదాలు నాలుగు కలపండి. స్నేహితుడికి చూపించి బయటివి ఏవో పట్టమనండి. పట్టుకోలేకపోతే నియమాలు వదులుగా ఉన్నాయని అర్థం.

## 4. ఊనిక, చోటును బట్టి మారే ధ్వనులు

ఊనిక అంటే పదంలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. అది ఎక్కడ పడుతుందో ఒక్క వాక్యంలో తేల్చేయండి. ఫిన్నిష్‌లో మొదటి అక్షరం మీద, ఎస్పరాంతో అనే కల్పిత భాషలో చివరి నుంచి రెండోదాని మీద. కెరునలో మొదటి అక్షరం మీద. ఊనిక లేని అక్షరాలే తర్వాత అరిగిపోతాయి కాబట్టి యాసలకు ఈ నిర్ణయం పనికొస్తుంది.

ఇక చోటును బట్టి మారే ధ్వనులు. 'చిలుక', 'చాప' అని పైకి అనండి. రెండు చోట్లా రాసేది 'చ'నే. మొదటిదానిలో నాలుక అంగిలి వైపు వెళ్తుంది, రెండోదానిలో పళ్ల దగ్గర ఆగుతుంది. పక్కనున్న అచ్చే ఆ తేడా తెస్తుంది కాబట్టి మాట్లాడేవాళ్లు దాన్ని గమనించరు. మీ భాషకూ ఇలాంటివి రెండు పెట్టండి. అచ్చుల మధ్య స కాస్త మెత్తబడుతుంది, ఉ ముందు త కొంచెం వెనక్కి వెళ్తుంది, ఇలాంటివి. రాతలో చూపించకండి, పలకడంలో మాత్రం ఉంచండి. రేపు ఒక యాసలో పూర్తి మార్పుగా ఎదిగేది ఈ చిన్న తేడానే.

## 5. రాసే పద్ధతి

తెలుగు లిపిలో రాయాలనుకుంటే చాలా సౌకర్యం. ఎ, ఏలకు, ఒ, ఓలకు వేర్వేరు అక్షరాలున్నాయి, మూర్ధన్యాలున్నాయి. ఇబ్బంది పెట్టేవి మూడు. ఇంగ్లీషు ఫ్యాన్‌లోని 'ఫ'కు, ఒత్తు 'ఫ'కు ఒకే అక్షరం. జీబ్రాలోని మొదటి ధ్వనికి సొంత అక్షరం లేదు. 'వచ్చాడు' అన్నప్పుడు మనం నిజంగా పలికే ఆ వెడల్పాటి అచ్చుకూ గుర్తు లేదు.

వీటిలో ఏదైనా మీ భాషలో ఉంటే నోటుబుక్కు మొదటి పేజీలోనే 'ఈ అక్షరం ఇలా పలకాలి' అని రాసి, చివరిదాకా దానికే కట్టుబడి ఉండండి. ఇక్కడ కెరున పదాల్లో వచ్చే 'చ', 'జ' ఎప్పుడూ చిలుకలో 'చ', జింకలో 'జ' లాంటివే.

## 6. పాత పదాల జాబితా కట్టండి

ఇప్పటి భాష ఇంకా పుట్టలేదు. మీరు రాసేది తాతల నాటి రూపం. వంద పదాలు చాలు: శరీర భాగాలు, చుట్టరికాలు, నీరు, నిప్పు, రాయి, తినడం, వెళ్లడం, ఒకటి నుంచి పది. వీటితో పాటు రెండు మూడు ప్రత్యయాలు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే రాబోయే మెట్టులో అసలు సరదా పోతుంది.

కెరున పాత పదాలు:

- కితన్: నది
- పకె: నిప్పు
- పకి: నీడ
- లొకి: రాయి
- సెపు: గాలి
- తపర: దారి
- రకెమ: ఇల్లు
- ఒన: చెట్టు
- -మ: 'లో', 'మీద' అనే అర్థం ఇచ్చే ప్రత్యయం. లొకిమ అంటే రాయి మీద.

## 7. ధ్వని మార్పుల సూత్రాలు రాయండి

సూత్రం అంటే మూడు ముక్కలు: ఏ ధ్వని, ఏదిగా మారుతుంది, ఏ చోట. మూడోది లేకుండా సూత్రం రాయకండి.

చోటు ఎంత ముఖ్యమో తెలుగు, కన్నడ పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పల్లె హళ్ళి. పదం మొదట ఉన్న ప అక్కడ హ అయింది. ఉప్పు మాత్రం ఉప్పే, తప్పు తప్పే. ద్విత్వంలో ఉన్న ప మారలేదు. 'ప అంతా హ' అని రాసుకుని ఉంటే ఉప్పు కాస్తా ఉహ్హు అయ్యేది!

సూత్రాలు ఎక్కడి నుంచి తేవాలి? ఊహించి రాయకండి, భాషల్లో మళ్లీమళ్లీ కనిపించేవి తీసుకోండి.

మెత్తబడటం. అచ్చుల మధ్య పరుషం సరళమవుతుంది. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. గసడదవాదేశం బట్టీ పట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. లాటిన్ 'వీత' స్పానిష్‌లో 'వీద' వైపు వెళ్లిందీ ఈ దారినే.

తాలవ్యం కావడం. ఇ, ఎ ముందు క కాస్తా చ అవుతుంది. కన్నడంలో కివి, మనకు చెవి. అక్కడ కెరె, ఇక్కడ చెరువు. ఈ విషయంలో పాత రూపాన్ని కాపాడింది కన్నడం, మారింది తెలుగు. ప దగ్గర మార్పు వాళ్లది, నిలకడ మనది. ఏ యాసా అన్ని విషయాల్లో పాతదిగా ఉండదు, అన్నిటిలో కొత్తదిగానూ ఉండదు. మీ మాండలికాలకు ఈ ఎగుడుదిగుడు ఇవ్వండి.

స్థానం మారడం. తమిళ అవర్, ఇవర్ మనకు వారు, వీరు అయ్యాయి. ముందున్న అచ్చు లోపలికి జరిగింది. దీన్ని ఒక్క యాసలో, ఒక్క రకం పదాలకే వాడితే చాలు, వాళ్ల మాట వెంటనే వేరుగా వినిపిస్తుంది.

రాలిపోవడం. ఊనిక లేని చివరి అచ్చు, చివరి న్, పదం మొదటి హ ముందుగా పోతాయి.

సడలడం. స హ అవుతుంది, హ ఏమీ లేకుండా పోతుంది.

ఒక్కో యాసకు రెండు నుంచి ఆరు సూత్రాలు చాలు. పది దాటితే అది వేరే భాష.

షీటులో మొదటి నిలువు గడిలో పాత పదం, ఒక్కో సూత్రానికి ఒక్కో గడి, చివర ఇప్పటి రూపం. పదం ఎక్కడ ఎలా మారిందో మధ్య గళ్లలో కనిపిస్తూ ఉండాలి. ఈ పని చేసిపెట్టే సౌండ్ చేంజ్ అప్లయర్ ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. మొదటి ముప్పై పదాలు మాత్రం చేత్తో చేయండి. సూత్రంలో లొసుగు ఎక్కడుందో చేత్తో చేసినప్పుడే తగులుతుంది.

## 8. వరుస మార్చండి, యాస మారుతుంది

మొత్తం పనిలో నాకు బాగా నచ్చే చోటు ఇది. రెండు యాసలకు వేర్వేరు సూత్రాలు అక్కర్లేదు. అవే సూత్రాలు ముందువెనకలైతే చాలు.

గుట్ట మాట. ముందు పదం చివరి ఇ, ఎ రాలిపోతాయి. తర్వాత ఇ, ఎ ముందున్న క చ అవుతుంది.

తీరం మాట. ముందు ఇ, ఎ ముందున్న క చ అవుతుంది. తర్వాత పదం చివరి ఇ, ఎ రాలిపోతాయి. ఆ పైన అచ్చుల మధ్య పరుషాలు సరళాలవుతాయి.

దీవి మాట. ఈ మూడూ ఇక్కడికి చేరలేదు. వీళ్లవి వేరే రెండు: స ఎక్కడున్నా హ అవుతుంది, పదం చివరి న్ పోతుంది.

ఇప్పుడు పదాల్ని నడిపించి చూడండి. వరుస గుట్ట, తీరం, దీవి:

- కితన్: చితన్, చిదన్, కిత
- పకె: పక్, పచ్, పకె
- లొకి: లొక్, లొచ్, లొకి
- సెపు: సెపు, సెబు, హెపు
- తపర: తపర, తబర, తపర
- రకెమ: రచెమ, రజెమ, రకెమ

గుట్టల్లో పకె చివరి ఎ ముందే రాలిపోయింది. క మారడానికి పక్కన అచ్చే లేదు, అందుకే పక్. తీరంలో క ముందే చ అయిపోయి, ఆ తర్వాత ఎ పోయింది, అందుకే పచ్. రెండు సూత్రాలూ ఉమ్మడివే, ఏది ముందు జరిగిందన్నదే తేడా.

ఇక ప్రత్యయం చేర్చండి. లొకిమలో ఇ పదం చివర లేదు, మధ్యలో ఉంది. కాబట్టి అది రాలదు. గుట్టల్లో రాయి లొక్, రాయి మీద అంటే లొచిమ. తీరంలో లొచ్, లొజిమ. దీవిలో లొకి, లొకిమ. వ్యాకరణంలో మీరు ఒక్క మినహాయింపు కూడా పెట్టలేదు, అయినా గుట్టల పిల్లలు 'లొక్‌కు మ చేరిస్తే లొచిమ ఎందుకైంది' అని తల గోక్కుంటారు. కొత్త తరం విసిగిపోయి 'లొక్‌మ' అనడం మొదలుపెట్టొచ్చు, పెద్దవాళ్లు కసురుకోవచ్చు. తరాల మధ్య యాస కూడా దొరికింది.

భాష పేరును కూడా ఇదే దారిలో పంపండి. గుట్టల్లో, తీరంలో అది చెరున. కెరున అనేది దీవివాళ్లు ఒక్కరే.

గుట్టల్లో పదం చివర క్ రావడం మూడో మెట్టు నియమానికి విరుద్ధం కదా అనిపిస్తుంది. ఆ నియమం పాత రూపానిది. ప్రతి యాసకూ కూర్పు నియమాలు మళ్లీ రాసుకోండి.

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కీన్ తన క్వెన్యా, సిండరిన్ అనే కల్పిత భాషలకు వాడిన పద్ధతి కూడా ఇదే. 'చెట్టు'కు 'గలదా' అనే పాత రూపం పెట్టుకున్నాడు. ఒక దాంట్లో ముందరి గ పోయి 'అల్ద' అయింది. రెండో దాంట్లో గ నిలిచింది, చివరి అచ్చు పోయింది.

## 9. ఒకటైపోయిన పదాల్ని ఏం చేయాలి

సూత్రాలు నడిపాక కొన్ని పదాలు ఢీకొంటాయి. పకె నిప్పు, పకి నీడ. గుట్టల్లో రెండూ పక్, తీరంలో రెండూ పచ్. దీవిలో మాత్రం విడిగా ఉన్నాయి.

టెన్షన్ పడి సూత్రం మార్చకండి. అమెరికా దక్షిణ ప్రాంతంలో చాలామందికి 'పిన్', 'పెన్' ఒకేలా వినిపిస్తాయి, అందుకని పెన్నును 'ఇంక్ పెన్' అంటారు. జనం అలాగే సర్దుకుంటారు. కెరునలో నీడకు చెట్టు చేర్చి 'ఒనపకి' అన్నారనుకోండి. గుట్టల్లో ఒనపక్, తీరంలో ఒనబచ్. వ్యవహారంలో ఇబ్బంది లేని జంటల్ని అలాగే వదిలేయండి, దీవివాళ్లు వేళాకోళం చేయడానికి పనికొస్తాయి.

## 10. పటం మీద గీతలు గీయండి

ఒక మార్పు చేరిన చోటికీ చేరని చోటికీ మధ్య గీత గీయాలి. చాలామంది ఒక ప్రాంతానికి ఒకే గీత గీసి, సూత్రాలన్నీ దాని దగ్గరే ఆపేస్తారు. నిజంగా అలా జరగదు.

జర్మనీలో 'చేయడం' అనే మాట ఉత్తరాన 'మాకెన్', దక్షిణాన 'మాఖెన్'. ఆ గీత రైన్ నదిని డ్యూసెల్‌డార్ఫ్‌లోని బెన్‌రాత్ వద్ద దాటుతుంది. 'నేను' అనే మాటలో ఇదే క ధ్వని మార్పు, దాని గీత మాత్రం అక్కడ ఇంకా ఉత్తరంగా వెళ్తుంది. ఒకే మార్పు, రెండు పదాల్లో రెండు చోట్ల ఆగింది.

- ప్రతి సూత్రానికీ వేరే రంగు గీత.
- గీతలు కొండ దగ్గర, పెద్ద నది దగ్గర గుమిగూడాలి. మైదానంలో విడివిడిగా పోవాలి.
- మార్పు కొత్తగా పుట్టిన ఊరు ఒకటి పెట్టండి, అది రోడ్ల వెంట, రేవుల వెంట పాకాలి.
- ఒకటి రెండు పదాలు గీత దాటి ముందుకెళ్లాలి. సరుకుల పేర్లు తొందరగా వెళ్తాయి.
- రెండు ప్రాంతాల మధ్య కనీసం ఒక కలగాపులగం ఊరు. అక్కడ చితన్, చిదన్ రెండూ వినిపించాలి.

## 11. ధ్వనులు దాటి

యాస అంటే ఉచ్చారణ ఒక్కటే కాదు కాబట్టి క్రియలవైపూ చూడండి. మన 'వచ్చినాడు' ఒకచోట అలాగే నిలిచింది, ఒకచోట 'వచ్చాడు', ఇంకోచోట 'వచ్చిండు' అయింది. ఎక్కువ వాడే క్రియారూపాలే ఎక్కువ అరుగుతాయి. మీ భాషలో వెళ్లు, రా, ఉండు, చెప్పు అనే నాలుగు క్రియల్ని ప్రతి యాసలోనూ కొంచెం అదనంగా కుదించండి. పదజాలంలో పదిహేను పదాలు పూర్తిగా వేరుగా ఉంటే చాలు. అవి పనిముట్లు, మొక్కలు, చిన్నపిల్లల మాటలు, తిట్లు అయితే సహజంగా ఉంటుంది.

తర్వాత హోదా. ఏ ధ్వనికీ పుట్టుకతో గౌరవం ఉండదు. న్యూయార్క్‌లో పదం చివరి ర్ పలకడం పెద్దరికం, ఇంగ్లండ్‌లో పలకకపోవడం పెద్దరికం. విలియం లాబోవ్ అనే భాషా శాస్త్రవేత్త 1960ల్లో న్యూయార్క్ డిపార్ట్‌మెంట్ స్టోర్లలో తిరిగి, అమ్మేవాళ్ల చేత 'ఫోర్త్ ఫ్లోర్' అనిపించాడు. స్టోర్ ఖరీదైనదయ్యే కొద్దీ ర్ ఎక్కువ వినిపించింది. మీ పాత్రల చేతా ఇలా చేయించండి: రాజధానికి వెళ్లిన తీరం వ్యాపారి తబరను తపర అని దిద్దుకుంటాడు. కంగారులో నిజంగా బ ఉన్న పరాయి మాటనూ దిద్దేస్తాడు, రుబ అనే సరుకును రుప అనేస్తాడు. అతి దిద్దుబాటు ఒక్కసారి చూపిస్తే పాత్ర ఎక్కడివాడో పాఠకుడికి తెలిసిపోతుంది.

## 12. తరచూ జరిగే తప్పులు, మరమ్మతులు

యాసలన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి. సూత్రాలు అరుదైన ధ్వనుల మీద పడి ఉంటాయి. మీ జాబితాలో ఎక్కువసార్లు వచ్చే ధ్వని ఏదో లెక్కపెట్టి, దాని మీద ఒక సూత్రం పెట్టండి.

ఒకరి మాట ఒకరికి అసలు అర్థం కాదు. పదం మొదటి అక్షరాన్ని మార్చే సూత్రాలు ఎక్కువయ్యాయి. ఒకటి ఉంచి మిగతావి మధ్యకో చివరికో తరలించండి.

నచ్చిన పదం మార్పులో పాడైంది. దాన్ని మినహాయించకండి. పక్క యాస నుంచి అరువు తెచ్చుకున్నారని రాసుకోండి. దేవుళ్ల పేర్లు, చట్టం మాటలు ఇలా పాత రూపంలో నిలవడం మామూలే.

పల్లె యాస అంటే పాడైన యాస అన్నట్టుంది. రాజధాని మాటలో ఉన్న మార్పులు లెక్కపెట్టండి. సున్నా అయితే మీరు ఒక యాసను పాత రూపంగా పొరబడ్డారు. దానికీ రెండు సూత్రాలు నడపండి.

కథలో ప్రతి సంభాషణా యాసతో నిండిపోయి చదవలేకుండా ఉంది. ఒక్కో పాత్రకు రెండే గుర్తులు ఎంచుకోండి. దీవి మనిషికి హ, చివరి న్ పోవడం, అంతే.

## 13. పూర్తయిందో లేదో చూసుకునే జాబితా

- ధ్వనుల పట్టికలో ప్రతి ధ్వనీ కనీసం ఐదు పదాల్లో ఉంది.
- ప్రతి సూత్రంలో 'ఏ చోట' అన్నది రాసి ఉంది.
- ప్రతి యాసలో సూత్రాలకు 1, 2, 3 అని వరుస సంఖ్యలున్నాయి.
- పాత పదాల జాబితా చెరపకుండా విడిగా దాచి ఉంది. రేపు కొత్త పదం కావాలంటే ముందు అక్కడ చేర్చి, తర్వాతే యాసల్లోకి దించాలి.
- ప్రతి యాసకూ ఒక విషయంలో పాత రూపం, ఒక విషయంలో కొత్త రూపం ఉన్నాయి.
- పటంలో కనీసం రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాయి.
- ఒకే ఐదు వాక్యాలు మూడు యాసల్లో రికార్డు చేశారు.

రికార్డింగులు మూడు రోజులు పక్కన పెట్టి, తర్వాత కాగితం చూడకుండా వినండి. ఏ యాసో మొదటి వాక్యంలో మీకే తెలియకపోతే 8వ మెట్టుకు వెళ్లి రెండు సూత్రాల వరుస తిప్పండి.